బాధకు భాష కూర్చిన హకీము: ఇబ్న్ సీనా

నొప్పి కంటికి కనిపించదు. రోగి నోటి మాటే దానికి తొలి సాక్ష్యం. ఆ మాటకు వేయి సంవత్సరాల క్రితమే వైద్యశాస్త్రంలో గౌరవస్థానం కల్పించిన మహామేధావి అబూ అలీ ఇబ్న్ సీనా.

బుఖారా సమీపంలోని అఫ్షనా గ్రామంలో క్రీ.శ. 980లో ఆయన జన్మించారు. పదేండ్ల ప్రాయంలోనే పవిత్ర ఖురాన్‌ను కంఠస్థం చేశారు. ఇరువది యేండ్లు నిండకముందే వైద్యునిగా ఖ్యాతి గడించి, బుఖారా పాలకుడు నూహ్ ఇబ్న్ మన్సూర్‌కు చికిత్స చేసి, రాజగ్రంథాలయంలో చదువుకొనే అనుమతి పొందారు. ఐదు భాగాలుగా ఆయన రచించిన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' పన్నెండవ శతాబ్దంలో లాటిన్ భాషలోకి అనువదింపబడి, పదిహేడవ శతాబ్దం దాకా ఐరోపా విశ్వవిద్యాలయాలలో పాఠ్యగ్రంథంగా వెలుగొందింది. యునానీ వైద్యానికి నేటికీ అది మూలస్తంభం.

ఆ గ్రంథంలో ఆయన నొప్పిని పదిహేను విధాలుగా విభజించారు. గుచ్చేది, తొలిచేది, చీల్చేది, నొక్కేది, కొట్టుకొనేది, బరువుగా తోచేది, తిమ్మిరెక్కించేది మొదలైనవి అందులోనివి. నొప్పి తీరును బట్టి దాని కారణాన్ని వెదకటమే ఆయన మార్గం. శరీరభాగాలు తెగి విడిపోవటమే నొప్పికి హేతువని గ్రీకు వైద్యుడు గాలెన్ తలచగా, మిజాజ్, అనగా దేహప్రకృతి, చెడినా నొప్పి కలుగుతుందని ఇబ్న్ సీనా వాదించారు. కోత గాని చీలిక గాని లేనిచోట కూడా బాధ సత్యమేనని దీని వలన మనం గ్రహించవచ్చు.

నల్లమందు నొప్పిని మరపిస్తుందే గాని, హేతువును తొలగించడమే అసలు చికిత్స అని ఆయన బోధించారు. మెల్లని నడక, ఇంపైన సంగీతం, మనసును లగ్నం చేసే వ్యాపకం కూడా ఉపశమనమిస్తాయని వ్రాశారు.

విధివైచిత్రి ఏమన, కులంజ్ అనే ఉదరశూలపై ప్రత్యేక గ్రంథం వ్రాసిన ఆ హకీమునే తుదకు అదే శూల వేధించింది. తగ్గుతూ, తిరగబెడుతూ బాధించిన ఆ వ్యాధికి తానే చికిత్స చేసుకొని, చివరకు ఆ ప్రయత్నం విరమించి, 1037లో హమదాన్‌లో కన్నుమూశారు.

మూడు మాసాలకు మించి నిలిచిన నొప్పిని నేటి వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటున్నారు. పరీక్షలలో ఏమీ తేలనందున అట్టి రోగుల మాటను ఇంటివారే నమ్మని సందర్భాలు ఎన్నో. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని తెలిపే 78 పదాలను 20 వర్గాలుగా కూర్చి ప్రశ్నావళి రూపొందించారు. ఇబ్న్ సీనా నడచిన బాటకు అది ఎంత చేరువో గమనించండి!

సలుపు, పోటు, తీపు, పీకుడు అని తెలుగులోను, టీస్, చుభన్, జలన్ అని ఉర్దూలోను మన పెద్దలు బాధను వేరువేరుగా చెప్పుకొంటారు. రేపు వైద్యవిద్యకు వెళ్ళనున్న మన విద్యార్థులు ఈ రెండు భాషల మాటలను ఓపికతో ఆలకించగలిగితే, ఆ మహనీయునికి మనమర్పించే నివాళి అదే.