కొండపల్లెకు బాట వేసిన కాపరి

కొండమీది పల్లెలో కాపురముండుట యెట్టిదో మనలో కొందరికి బాగుగా తెలియును. వాన వచ్చిన బాట కొట్టుకొనిపోవును. రోగిని మంచము మీద మోసికొని దిగవలెను. పండిన పంట సంతకు చేరదు, సంతలోని సరుకు పల్లెకు చేరదు. అట్టి సీమలో 59 సంవత్సరములు కాపరిగా నుండి, అక్కడనే కన్ను మూసిన జాన్ ఫ్రెడెరిక్ ఓబెర్లిన్ గారి జీవితమును ఈ నెల మనము తలపోసికొందము.

ఫ్రాన్సు దేశపు తూర్పు భాగమున వోజ్ అను కొండలు కలవు. వాటి నడుమ బాన్ ద లా రోష్ అను చిన్న సీమ యున్నది. వాల్డర్స్‌బాక్ అను గ్రామమును, దాని చుట్టునున్న కొన్ని పల్లెలును కలిసి అక్కడ ఒక్క సంఘముగా నుండెను. నేల రాతినేల. చలికాలము దీర్ఘమైనది. మంచు పడినప్పుడు పల్లెకును బయటి లోకమునకును సంబంధము తెగిపోవుచుండెను. 17వ శతాబ్దములో జరిగిన ముప్పదియేండ్ల యుద్ధము ఆ సీమను పాడు చేసెను. బంగాళాదుంపలే ముఖ్యాహారము, అవియు చెడిపోయిన విత్తనము వలన ఏటేట తగ్గిపోవుచుండెను. ఆ కొరత దినములలో అడవికాయలే గతి.

1750లో అక్కడికి వచ్చిన ష్టూబర్ పాదిరిగారు మొదట బడి చూడగోరిరి. ఒక గుడిసెలో పిల్లలు గుంపుగా అల్లరి చేయుచుండిరి. మూలనున్న మంచము మీద ఒక ముసలివాడు పండుకొనియుండెను. అతడే ఉపాధ్యాయుడు! ఏమి నేర్పుచున్నావని అడుగగా ఏమియు లేదనెను, తనకే ఏమియు రాదట. అతడు మునుపు ఊరి పందులను కాచెడివాడు. వాటి వెంట తిరుగుటకు ఓపిక లేనందున ఊరివారు అతనికి పిల్లలను అప్పగించిరి. ష్టూబర్ గారు మంచి బడి కట్టించి, చదువునకు పునాది వేసిరి.

ఆయన తన తరువాత ఈ మందను కాయుటకు తగినవానిని వెదకుచు స్ట్రాస్‌బర్గు పట్టణమునకు వెళ్లిరి. అక్కడ 1740లో జన్మించిన ఓబెర్లిన్ ఒక చిన్న మేడగదిలో పంటినొప్పితో పండుకొనియుండిరి. ఆ గదిలోని పేదరికమును చూచి, ఇతడే మా కొండలకు తగినవాడని ష్టూబర్ గారు అనుకొనిరి. ఆ విధముగా 1767లో ఓబెర్లిన్ గారు వాల్డర్స్‌బాక్ చేరిరి.

పల్లెవారు ఆయనను పూలదండలతో ఎదుర్కొనలేదు. క్రొత్త కాపరి క్రొత్త పద్ధతులు తెచ్చుచున్నాడని కొందరు కోపించి, దారికాచి కొట్టుటకు ఆలోచన చేసిరి. ఆ సంగతి ఆయనకు తెలిసెను. ఆ ఆదివారము కీడును ఓర్చుకొనుటను గూర్చి ప్రసంగించి, పిమ్మట వారు కూడియున్న ఇంటికి ఒంటరిగా వెళ్లిరి. చాటుననుండి కొట్టెడి పాపము మీకెందుకు, నేనే వచ్చితినని వారి ముందు నిలిచిరి. వారు సిగ్గుపడి క్షమాపణ వేడుకొనిరి.

తరువాత ఆయన బాట సంగతి ఎత్తిరి. రాళ్లు పగులగొట్టి, ఏటి వెంబడి గోడ కట్టి, రోతో గ్రామము దగ్గర బ్రూష్ నదిపై వంతెన వేసినయెడల పట్టణపు దారి దొరకును. ఇది అయ్యెడి పని కాదని అందరును తల అడ్డముగా ఊపిరి. ఎవరి పనులు వారికి కలవనిరి. ఓబెర్లిన్ గారు మారు మాటాడక పలుగు భుజమున వేసికొని, ఒక పనివానితో బయలుదేరిరి. కష్టమైన చోటు తామే తీసికొనిరి. కాపరి చెమటోడ్చుట చూచి ఒక్కొక్కరుగా జనులు వెంట వచ్చిరి. స్ట్రాస్‌బర్గులోని స్నేహితులు పనిముట్లకు ధనము పంపిరి. బాట పడెను, వంతెన నిలిచెను.

సేద్యములోను ఆయన ఉపన్యాసము చెప్పలేదు. తమ తోటలో కాలిబాట ప్రక్కన మంచి పండ్ల చెట్లు నాటిరి. దారిన పోవువారు అవి ఏపుగా పెరుగుట చూచి, ఎట్లు నాటితిరని తామే వచ్చి అడిగిరి. మంచి దుంప విత్తనము తెప్పించిరి, ఎరువు పోగుచేయుట నేర్పిరి. అప్పులలో చిక్కినవారికి వడ్డీ లేక బదులిచ్చు నిధి ఏర్పరచిరి.

ఇక్కడ ఇద్దరు పల్లె కన్యల పేర్లు మనము మరువరాదు. తలిదండ్రులు పొలమునకు పోగా చిన్నపిల్లలు వీధులలో దిక్కులేక తిరుగుచుండిరి. బెల్‌మాన్ పల్లెకు చెందిన సారా బాంజే అను యువతి వారిని చేరదీసి అల్లిక నేర్పుచుండెను. కూతురు ఈ పనిలో కాలము పుచ్చుట ఆమె తండ్రికి ఇష్టము లేకపోయెను. ఆ సంగతి విని ఓబెర్లిన్ గారు ఆమెను ఆ పనికే నియమించిరి. ఆ పిల్లలు అల్లిక, పాటలు, చెట్ల పేర్లు, బైబిలు కథలు నేర్చుకొనిరి. నేటి మన అంగన్‌వాడీల వంటి బడులకు తొలి మాదిరులలో ఇది యొకటి. సారా 1774లో చిన్న వయస్సుననే మరణించెను. గాని పని ఆగలేదు.

రెండవ ఆమె లూయిజ్ షెప్లర్. బెల్‌ఫోస్ అను పల్లెలోని పేదింటి పిల్ల, 15 ఏండ్ల వయస్సున కాపరిగారి ఇంట పనికి చేరెను. 1783లో ఓబెర్లిన్ గారి భార్య మరణించగా, తల్లిలేని బిడ్డలను ఈమెయే పెంచెను. జీతము వద్దు, నన్ను మీ కూతురుగా ఎంచిన చాలునని కోరెను. మంచులోను వానలోను పల్లె నుండి పల్లెకు నడచి చిన్నపిల్లల బడులను నడిపించెను. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు 5000 ఫ్రాంకుల సద్గుణ బహుమానము నిచ్చెను. ఆమె దానిని తనకొరకు దాచుకొనలేదు.

ఓబెర్లిన్ గారు 1826 జూన్ 1వ తేదీన ప్రభువునందు నిద్రించిరి. వారి సమాధి ఫూదే గ్రామపు దేవాలయము చెంత నున్నది. 1833లో అమెరికాలో స్థాపింపబడిన ఓబెర్లిన్ కళాశాల వారి పేరనే వెలసెను.

ప్రభువునకు అరణ్యములో మార్గము సిద్ధపరచవలెనని యెషయా 40వ అధ్యాయములో చదువుచున్నాము. మనము దానిని హృదయమునకు మాత్రమే అన్వయించి ఊరకుందుము. ఈ కాపరి హృదయములోను బాట వేసిరి, కొండలోను వేసిరి. ఆ రెండు పనులు వారికి ఒక్కటే సేవ. ఒకడు నాటుననియు, ఒకడు నీళ్లు పోయుననియు, వృద్ధి దేవునిదే అనియు పౌలు కొరింథీయులకు వ్రాసెను. ష్టూబర్ గారు నాటిరి, ఓబెర్లిన్ గారు నీళ్లు పోసిరి, సారాయు లూయిజును కలుపు తీసిరి.

మన సంఘములలో కొండపల్లెకు పంపబడిన సేవకుడు ఎప్పుడు బదిలీ అగునా యని దినములు లెక్కించుచున్నాడా? అట్లయిన తప్పు అతనిది మాత్రమే కాదు. అతడు పలుగెత్తిన దినమున వెంట నడచినవారు ఎందరు? మన పల్లెలో సారా వంటి పిల్ల ఉన్నయెడల ఆమెకు ప్రోత్సాహమిచ్చుచున్నామా, లేక పొలము పని చూచుకొమ్మని కసరుచున్నామా? ఈ నెల సంఘ కూడికలో ఈ ప్రశ్నలు మనలను మనమే అడుగుకొందము. పిమ్మట మన ఊరిలో తెగిన బాట ఏదో చూచి, పార తీసికొని బయలుదేరుదము. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.