శ్రీపతి చంద్రశేఖర్

శ్రీపతి చంద్రశేఖర్ (నవంబరు 22, 1918 - జూన్ 14, 2001) ప్రముఖ జనాభా శాస్త్రవేత్త, రచయిత, కేంద్ర మంత్రి. భారతదేశంలో కుటుంబ నియంత్రణ వ్యాప్తికి, గర్భస్రావాన్ని చట్టబద్ధం చేయడానికి కృషి చేసినవారిలో ముఖ్యుడు. ఆంగ్ల గ్రంథాలలో ఈయన పేరు ఎస్.చంద్రశేఖర్ అని కనిపిస్తుంది. నోబెల్ బహుమతి పొందిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వేరు, ఈయన వేరు.

జీవిత విశేషాలు

చంద్రశేఖర్ రాజమండ్రిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళి, న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1940వ దశకం చివరలో పారిస్‌లో యునెస్కో జనాభా పరిశోధన విభాగంలో పనిచేశాడు. స్వదేశానికి తిరిగివచ్చి 1950లో మద్రాసులో జనాభా అధ్యయన సంస్థను నెలకొల్పాడు. 1957లో పాపులేషన్ రివ్యూ అనే పత్రికను ప్రారంభించి చాలాకాలం సంపాదకత్వం వహించాడు. 1964 నుండి 1970 వరకు రాజ్యసభ సభ్యుడు. 1975 నుండి 1978 వరకు అన్నామలై విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశాడు.

మంత్రిగా

1967 మార్చిలో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో చేరి ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ బాధ్యతలు చేపట్టాడు. ఎర్ర త్రికోణం గుర్తు ఊరూరా గోడలపైకి ఎక్కింది ఆ రోజులలోనే. 1968లో నిరోధ్ తొడుగులు మూడింటికి 15 పైసల చొప్పున కిరాణా దుకాణాలలో సైతం అమ్మకానికి వచ్చాయి. ఆడపిల్లల వివాహ వయస్సు పెంచాలని ఈయన వాదించాడు. గర్భస్రావంపై శాంతిలాల్ షా సంఘం 1966లో ఇచ్చిన నివేదికను చట్టంగా మార్చడానికి పట్టుబట్టాడు. ఆ చట్టం 1971లో ఆమోదం పొంది 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

వివాదం

ముగ్గురు, అంతకు మించి సంతానం గల పురుషులకు నిర్బంధంగా శస్త్రచికిత్స చేయాలని 1967లో చంద్రశేఖర్ ప్రతిపాదించాడు. ప్రభుత్వం దీనిని చట్టం చేయలేదు. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో బలవంతపు శస్త్రచికిత్సలు జరిగినప్పుడు ఈయన మంత్రిగా లేడు. అయినప్పటికీ నిర్బంధాన్ని సమర్థించిన ఆ ప్రతిపాదన ఈయనపై విమర్శగా నిలిచిపోయింది.

ఆనాటి సాధనాలు - పాలిచ్చే తల్లులు

నిర్బంధం మాట అటుంచితే, బిడ్డకు బిడ్డకు నడుమ ఎడం కోరుకునే పల్లెటూరి తల్లికి ఆ కాలంలో తగిన సాధనం దొరకడమే కష్టంగా ఉండేది. శస్త్రచికిత్స శాశ్వతమైనది. 1965లో ప్రవేశపెట్టిన లూపు వలన రక్తస్రావం ఎక్కువవుతున్నదనే ఫిర్యాదులతో దానికి ఆదరణ తగ్గింది. 1960లో అమెరికాలో అనుమతి పొందిన గర్భనిరోధక మాత్రలో ప్రొజెస్టిన్‌తో పాటు ఈస్ట్రోజన్ కూడా ఉండేది. ఈస్ట్రోజన్ తల్లిపాలను తగ్గించగలదు. కాన్పయిన తొలి వారాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని కూడా పెంచుతుంది. కనుక పసిబిడ్డ తల్లికి అది తగినది కాదు.

చాలామంది తల్లులకు చనుబాలే ఆధారం. బిడ్డకు ఆరు నెలల లోపు వయస్సుండి, రాత్రింబగళ్ళు తల్లిపాలు మాత్రమే త్రాగుతూ, తల్లికి బహిష్టు తిరిగి రానంతవరకు గర్భం వచ్చే అవకాశం నూటికి రెండు కంటే తక్కువ. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఈ రక్షణను నమ్ముకోరాదు.

ఈస్ట్రోజన్ లేకుండా ప్రొజెస్టిన్ మాత్రమే గల మాత్రకు 1973లో అమెరికాలో అనుమతి లభించింది. ఇది గర్భాశయ ముఖద్వారం వద్ద స్రావాన్ని చిక్కబరచి వీర్యకణాలను అడ్డుకుంటుంది. కొందరిలో అండం విడుదలను కూడా ఆపుతుంది. పాలను తగ్గించదు, బిడ్డ ఎదుగుదలకు హాని చేయదని పరిశీలనలలో తేలింది. అయితే ప్రతిదినం ఒకే వేళకు వేసుకోవాలి. పాత రకం మాత్ర మూడు గంటలు ఆలస్యమైనా రక్షణ తగ్గుతుంది. మూడు నెలలకొకసారి ఇచ్చే ప్రొజెస్టిన్ ఇంజెక్షన్‌ను భారత ప్రభుత్వం 2017లో అంతర అనే పేరుతో ఉచితంగా ఇవ్వనారంభించింది. పాలిచ్చే తల్లులకు దీనిని కాన్పయిన ఆరు వారాల తరువాత ఇస్తారు. బహిష్టు క్రమం తప్పడం దీనివలన సాధారణంగా కనిపించే మార్పు. చంద్రశేఖర్ మంత్రిగా ఉన్ననాడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో లేని ఈ సాధనం, ఆయన పదవి వీడిన నలభై ఏడేళ్ళకు అక్కడికి చేరింది.

మరణం

జీవిత చరమాంకంలో అమెరికాలో స్థిరపడిన చంద్రశేఖర్ 2001 జూన్ 14న కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ డియాగోలో మరణించాడు.

ముఖ్య రచనలు (ఆంగ్లంలో)

హంగ్రీ పీపుల్ అండ్ ఎంప్టీ లాండ్స్ (1954) - జనాభా, వలసల గురించి.
ఇన్‌ఫాంట్ మోర్టాలిటీ ఇన్ ఇండియా (1959) - 1901-55 మధ్య శిశు మరణాల గురించి.
అబార్షన్ ఇన్ ఎ క్రౌడెడ్ వరల్డ్ (1974) - గర్భస్రావ చట్టం గురించి.
ఎ డర్టీ, ఫిల్తీ బుక్ (1981) - గర్భనిరోధం గురించిన పుస్తకాన్ని ప్రచురించినందుకు అనీబిసెంట్, చార్లెస్ బ్రాడ్లాలపై 1877లో లండన్‌లో జరిగిన విచారణ గురించి.