పేరు మార్చుకున్నా.. చెరగని లూయీ పేరు

మతిమరుపు జబ్బు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆల్జీమర్స్. ఆ తర్వాత నరాల డాక్టర్ల నోట తరచూ వినిపించే పేరు లూయీ బాడీ డిమెన్షియా. ఆ లూయీ ఎవరో చాలామందికి తెలియదు. ఆయన పూర్తి పేరు ఫ్రిడ్రిష్ హైన్రిష్ లూయీ. 1885లో బెర్లిన్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రీ డాక్టరే.

చదువయ్యాక మ్యూనిక్‌లో ఆల్జీమర్ ప్రయోగశాలలో చేరారు. వణుకుడు జబ్బుతో (పార్కిన్సన్స్) చనిపోయినవారి మెదళ్లను మైక్రోస్కోపు కింద పరిశీలించారు. కొన్ని కణాల్లో గుండ్రటి ముద్దలు కనిపించాయి. 1912లో ఆ సంగతి బయటపెట్టారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లే!

పేగులను నడిపే నాడిలో..

ఆ ముద్దలు ఆయనకు కనిపించిన చోట్లలో వేగస్ నాడి మొదలయ్యే కేంద్రం ఒకటి. గుండె వేగం, పేగుల కదలిక మనం తలచుకోకుండానే సాగిపోతాయి కదా.. వాటిని నడిపే నాడుల్లో ముఖ్యమైనది ఇదే. 1919లో పారిస్‌లో పనిచేస్తున్న ట్రెటియాకాఫ్ అనే వైద్యుడు ఆ ముద్దలకు లూయీ పేరే పెట్టారు.

రెండు దేశాలు.. రెండు యుద్ధాలు

మొదటి ప్రపంచయుద్ధంలో లూయీ జర్మనీ సైన్యంలో డాక్టర్. 1932లో బెర్లిన్‌లో నరాల వైద్య సంస్థను స్థాపించారు. మరుసటి ఏడాదే హిట్లర్ గద్దెనెక్కాడు. యూదుడన్న కారణంతో ఆయన కొలువు పోయింది. ఇంగ్లండు మీదుగా అమెరికా చేరి ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డారు. ఫ్రెడరిక్ హెన్రీ అని పేరు మార్చుకుని, ఇంటిపేరులో ఓ అక్షరం కలుపుకున్నారు. రెండో యుద్ధంలో అమెరికా సైన్యానికి సేవలందించారు. 1950లో కన్నుమూశారు.

ఆయన పోయిన 26 ఏళ్లకు, 1976లో జపాన్ వైద్యుడు కొసాకా అవే ముద్దలను డిమెన్షియా రోగి మెదడు పైపొరలో విరివిగా చూశారు. తన పేరుతో ఓ మతిమరుపు జబ్బు ఉంటుందని లూయీకి తెలియనే తెలియదు.

పెద్దోళ్లున్న ఇళ్లలో..

ఈ జబ్బులో మతిమరుపు ఒక్కటే కాదు.. ఒళ్లూ అదుపు తప్పుతుంది. లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మూత్రం ఆగదు. బరువు తగ్గిపోతారు. కొందరిలో మతిమరుపుకు ఏళ్ల ముందే మలబద్ధకం మొదలవుతుంది. వయసైపోయింది, అంతేలే అని వదిలేస్తుంటాం.

లేని మనుషులు కనిపిస్తున్నారని పెద్దాయన అంటుంటే, ఈ లక్షణాలూ డాక్టరుకు చెప్పాలి. ఎందుకంటే అలాంటి భ్రమలకు వాడే హాలోపెరిడాల్ లాంటి మందులు ఈ జబ్బున్నవారికి ప్రాణం మీదికి తేవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడమని అడగండి. పై అంకె 20 లేదా అంతకుమించి తగ్గితే తేలిగ్గా తీసుకోవద్దు.