లియో ఫెండర్: గిటార్ రాకపోయినా గిటారిస్టుల మాట విన్న రేడియో మెకానిక్

ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లకు వెంటనే ఎదురయ్యే ప్రశ్న: దానికి ఏ యాంప్లిఫైయర్, ఏ పెడల్ కొనాలి? ఈ ప్రశ్న చుట్టూనే జీవితం గడిపిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు.

1909 ఆగస్టు 10న కాలిఫోర్నియాలో, నారింజ తోట సాగు చేసే కుటుంబంలో ఆయన పుట్టారు. చిన్నప్పుడే కణితి వల్ల ఎడమ కన్ను పోయింది. చదివింది అకౌంటింగ్. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోవడంతో 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి, ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం తెరిచారు.

డ్యాన్స్ హాళ్లలో వాయించే సంగీతకారులు పాడైన యాంప్లిఫైయర్లను అక్కడికే తెచ్చేవారు. ఏ భాగం ఎందుకు కాలిపోతోందో, ఏ పెట్టె ప్రయాణాలకు తట్టుకోవడం లేదో ఆయనకు అలా తెలిసింది. 1946లో సొంత కంపెనీ పెట్టాక కూడా కొత్త నమూనాలను ముందుగా వాయించేవాళ్ల చేతికే ఇచ్చి, వాళ్ల ఫిర్యాదులు విని మార్చేవారు.

బోలు గిటార్‌ను పెద్ద శబ్దంతో వాయిస్తే స్పీకర్ శబ్దం మళ్లీ గిటార్‌లోకి చేరి కూత పెడుతుంది. అందుకే ఆయన గట్టి చెక్కతో గిటార్ చేశారు. 1950లో వచ్చిన ఆ నమూనాయే తర్వాత టెలీకాస్టర్ అయింది. 1951లో ప్రెసిషన్ బాస్, 1952లో దానికోసం బాస్‌మన్ యాంప్, 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చాయి.

ఫెండర్ కోరుకున్నది ఎంత పెంచినా చీలని స్వచ్ఛమైన శబ్దం. సర్ఫ్ సంగీతకారుడు డిక్ డేల్ యాంప్‌లను వరసగా కాల్చేస్తుంటే, ఆయన మరింత శక్తిమంతమైనవి తయారుచేశారు. గిటారిస్టులు మాత్రం వాల్యూమ్ హద్దు దాటినప్పుడు వచ్చే గరుకు శబ్దాన్నే ఇష్టపడ్డారు. లండన్‌లో డ్రమ్స్ దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో బాస్‌మన్ సర్క్యూట్ ఆధారంగా తన తొలి యాంప్ తెచ్చారు. దాని వారసులే రాక్ సంగీతపు గర్జన అయ్యాయి. తయారీదారు లోపమనుకున్నది వాయించేవాడికి గొంతు అయింది.

ఈనాటికీ ఎంపిక ఇక్కడి నుంచే మొదలవుతుంది. పెడల్స్ ఎక్కువగా వాడేవారికి ఫెండర్ తరహా స్వచ్ఛమైన యాంప్ మంచి పునాది. రంగులన్నీ పెడల్సే వేస్తాయి. యాంప్ స్వయంగా గరుకుగా పలకాలనుకుంటే తక్కువ వాట్ల వాల్వు యాంప్ మేలు, ఎందుకంటే ఇంటిలో పెద్ద యాంప్‌ను ఆ స్థాయికి పెంచలేం. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి; కాబట్టి అంకె చూసి మోసపోకూడదు.

అకౌస్టిక్ గిటార్ లెక్క వేరు. ఎలక్ట్రిక్ గిటార్ స్పీకర్లు పై స్థాయి పౌనఃపున్యాలను కోసేస్తాయి. చెక్క సహజ నాదం అందులో మసకబారుతుంది. దానికి శబ్దాన్ని ఉన్నదున్నట్టు వినిపించే యాంప్, కూతను అణిచే సదుపాయం కావాలి. పెడల్స్‌లో కొంచెం రివర్బ్ చాలు.

1960లలో దీర్ఘకాల ఇన్ఫెక్షన్‌తో బాధపడుతూ, ఇక ఎక్కువ కాలం బతకనేమోనని భయపడ్డ ఫెండర్ 1965లో కంపెనీని సీబీఎస్‌కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశారు. తర్వాత మరో వైద్యుడి చికిత్సతో జబ్బు నయమైంది. అప్పటికి తన పేరున్న కంపెనీ చేయి దాటిపోయింది. మ్యూజిక్ మ్యాన్, ఆపై జీ అండ్ ఎల్ సంస్థల్లో మళ్లీ బల్ల ముందు కూర్చున్నారు. 1991 మార్చి 21న మరణించేదాకా, పార్కిన్సన్స్ వ్యాధితోనే, గిటార్లు మెరుగుపరుస్తూనే ఉన్నారు.