బఠాణీలు లెక్కపెట్టిన గురువు

మీ పిల్లలు బడిలో మెండెల్ పేరు చదివే ఉంటారు. ఆయన మన కతోలిక గురువని వారికి చెప్పారా?

నేటి చెక్ దేశంలోని ఒక పల్లెలో 1822లో రైతు ఇంట పుట్టారు. తండ్రి గాయపడి చదువు ఆగిపోబోతే, చెల్లెలు తెరేసియా తన కట్నంలో కొంత ఇచ్చింది. 1843లో బ్ర్నో పట్టణంలోని అగస్టీన్ సభవారి పునీత తోమా మఠంలో చేరి గ్రెగోర్ అయ్యారు. 1847లో గురుపట్టం పొందారు. రోగులను చూస్తే తానే మంచం పట్టేవారు. అది గమనించి మఠాధిపతి నాప్ ఆయనను బడికి పంపారు. ఉపాధ్యాయ పరీక్ష మాత్రం రెండుసార్లూ గట్టెక్కలేదు.

1856 నుండి 1863 వరకు మఠం తోటలో సుమారు 28,000 బఠాణీ మొక్కలు పెంచారు. గుండ్రని గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో కలిపితే అన్నీ గుండ్రనివే వచ్చాయి. వాటి తరువాతి తరంలో ముడతలు తిరిగి కనిపించాయి. చాలామంది అక్కడితో ఆగేవారు. ఈయన లెక్కపెట్టారు: గుండ్రనివి 5,474, ముడతలవి 1,850. దాదాపు మూడుకు ఒకటి!

మీరే రెండు నాణేలు ఎగరేసి చూడండి. రెండూ బొరుసు పడటం నాలుగింట ఒకసారి. తల్లి నుండి ఒక అంశం, తండ్రి నుండి ఒక అంశం అలాగే కలుస్తాయి. ఒక గింజ ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. వేల గింజలు ఏమవుతాయో చెప్పవచ్చు. యాదృచ్ఛికం అనగానే దేవునికి చోటు లేదేమోనని కొందరు విశ్వాసులు జంకుతారు. ఈ గురువు దివ్యబలిపూజ చేస్తూనే ఆ లెక్క వేశారు.

1865లో రెండు సాయంత్రాలు పండితుల ముందు చదివారు, 1866లో అచ్చయింది. పట్టించుకున్నవారు అరుదు. 1868లో మఠాధిపతి అయ్యాక మఠంపై పన్ను విషయమై ప్రభుత్వంతో వివాదం ఆయన ఏళ్లను తినేసింది. చెల్లెలి మేలు మాత్రం మరువలేదు. ఆమె ముగ్గురు కొడుకులను చదివించారు, ఇద్దరు వైద్యులయ్యారు. 1884 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగనాడు, కన్నుమూశారు. 1900లో గాని శాస్త్రలోకం ఆయన వ్యాసాన్ని తిరిగి గుర్తించలేదు.

ఆయన చెప్పిన అంశాలే నేటి జన్యువులు. కొన్ని జన్యువులు మరికొన్నింటిని దీపం స్విచ్చిలా వేస్తాయి, ఆర్పుతాయి. 1961లో ఫ్రాన్సులో జాకబ్, మోనో ఈ సంగతి వివరించారు. ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని నడిపే పెద్ద వల అది. కణంలో ఈ పని చేసే అణువులు కొద్దిగానే ఉంటాయి గనుక, స్విచ్చి ఎప్పుడు పడేదీ కచ్చితంగా తెలియదు. 2002లో అమెరికాలో ఒకే జన్యువులున్న బాక్టీరియాలకు వెలుగు గుర్తు అమర్చి చూస్తే, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వెలిగింది. అందుకే ఈ వలలకు లెక్క కట్టేవారు చాలాచోట్ల 'పడుతుంది' అని రాయరు. 'ఎంత సేపట్లో, నూటికి ఎన్నిసార్లు పడవచ్చు' అని రాస్తారు.