కరీంనగర్ హీరో పైడి జైరాజ్

జి.కె. పుస్తకంలో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు పేర్లు బట్టీ పట్టేటప్పుడు 1980 దగ్గర పైడి జైరాజ్ అని వస్తది. ఆయన బొంబాయి ఆయన అని చానమంది అనుకుంటరు. కాదు, ఆయన 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టిండు. మన ఆదిలాబాద్‌కు పక్కనే. అందుకే ఈసారి గోడపత్రికకు ఆయన గురించి రాస్తున్నాను.

జైరాజ్ గారు హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివారు. సినిమాల మీద ఇష్టంతో బొంబాయి పోయిండ్రు. 1929లో మొదటి సినిమా చేసిండ్రు. అప్పటి సినిమాలకు మాటలు లేవు, మూకీలు అంటరు. 1931లో ఆలం ఆరాతో మాటల సినిమాలు మొదలైనయ్. భాష సరిగా రాని నటులకు కష్టమైంది. జైరాజ్ గారు పెరిగిన నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. 1932లో షికారీ అనే మాటల సినిమాలో నటించారు. ఇంట్ల గోండి మాట్లాడి బడిలో తెలుగు చదివే మనకు, కొత్త భాషలో నిలబడుడు ఎంత కష్టమో తెలుసు.

తర్వాత ఆయన పెద్ద హీరో అయ్యారు. అమర్ సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్ వంటి వీరుల వేషాలు వేశారు. 1945లో ప్రతిమ అనే సినిమాకు డైరెక్షన్ చేశారు. అందులో దిలీప్ కుమార్ నటించారు.

సినిమాకు పైసలు రావాలంటే జనం టికెట్ కొనాలి. జనం హీరో ముఖం చూసి కొంటరు. వయసు మీదపడితే కొత్త ముఖాన్ని తెస్తరు. జైరాజ్ గారికి కూడా అట్లనే అయింది. 1975లో వచ్చిన షోలే బొంబాయి మినర్వా టాకీసులో ఐదేండ్లు ఆడింది. అందులో ఆయనది చిన్న పోలీసు ఆఫీసర్ వేషం. అప్పటికి 65 ఏండ్లు. ఒకప్పటి హీరోనని ఇంట్ల కూసోలేదు. 1990ల దాకా నటించిండు.

ఇక్కడ ఇంకొక ముచ్చట చెప్పాలి. 1960లో వీర్ దుర్గాదాస్ సినిమా వచ్చింది. హీరో జైరాజ్ గారికి దాదాపు 51 ఏండ్లు. ఆయన పక్కన నటించిన నిరూపారాయ్ గారికి 29 ఏండ్లు. అంతకుముందే 1955లో మునీంజీ సినిమాలో ఆమె దేవానంద్‌కు తల్లిగా వేసింది. అప్పుడు ఆమెకు 24 ఏండ్లు. దేవానంద్ ఆమె కన్నా 7 ఏండ్లు పెద్ద! మగవాళ్లు 50 దాటినా హీరోలే, ఆడవాళ్లు 24 ఏండ్లకే తల్లులు. ఈ లెక్క ఎవరు కట్టిండ్రో!

ఈ లెక్క సినిమాల్లోనే కాదు, ఊర్లల్ల కూడా ఉన్నది. మా పెద్దనాయిన కొడుకు నా కన్నా మూడేండ్లు పెద్ద. సెలవులకు పోతే అన్నను ఏం చదువుతవని అడుగుతరు. నన్ను ఇంకా ఎన్నాళ్లు చదువుతవని అడుగుతరు. నాకు 14 ఏండ్లే. మా ఇంట్ల నా కన్నా ముందు ఎవరూ బడికి పోలేదు. మా అవ్వ మాత్రం చదువు, చదువు అంటది.

ఫాల్కే అవార్డు తీసుకున్న తెలుగువాళ్లలో జైరాజ్ గారు రెండవవారు. మొదటివారు బి.ఎన్.రెడ్డి గారు, 1974 సంవత్సరానికి. జైరాజ్ గారు 2000 ఆగస్టు 11న ముంబైలో చనిపోయారు. హైదరాబాద్ రవీంద్రభారతిలో ఒక ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు.

జైరాజ్ గారి వయసు చూసి వేషం చిన్నది చేసిండ్రు గాని, ఆయన పని ఆపలేదు. నిరూపారాయ్ గారు కూడా ఆపలేదు, దీవార్‌లో తల్లిగా దేశమంతా పేరు తెచ్చుకున్నది. ఎన్నాళ్లు చదువుతవని ఎవరన్నా అడిగితే, ఏం చదువుతవని అడగమని చెప్పండి. నేను అట్లనే చెప్తున్న. నేను టీచర్ చదువు చదువుత.

– 9వ తరగతి విద్యార్థిని