గిడుగు రామమూర్తి పంతులుగారు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమునగల పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. విశాఖపట్టణమున బంధువుల యింట నుండి చదివి 1879లో మెట్రిక్యులేషన్ ముగించిరి. పై చదువునకు వీలు లేక, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

ఉద్యోగము దొరకినంతనే పుస్తకము మూయువారు పెక్కురు. పంతులుగారు మూయలేదు. బడిలో పాఠములు చెప్పుచు, తీరికవేళల స్వయముగా చదివి ఎఫ్.ఏ., పిదప బి.ఏ. పరీక్షల నిచ్చిరి. 1896 నాటికి పట్టము చేతికందెను. అప్పటికి వారి వయస్సు 33 ఏండ్లు. కళాశాలలో బోధించు భాగ్యమును కలిగెను.

కొండలలోని సవర బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని తలచి, తెలుగెరిగిన సవర నొకనిని ఇంట నుంచుకొని వారు ఆ భాషయు నేర్చిరి. వాచకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు నడపిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన వినికిడి చెడెను. కృషి మాత్రము చెడలేదు. వారి సవర నిఘంటువు 1938లో వెలువడెను. 1940 జనవరి 22న పరమపదించిరి.

వాడుక భాషకై పోరాడిన వారినిగూర్చి గ్రాంథికమున వ్రాయుచున్నాము, మన్నింతురుగాక. పరరాష్ట్రమున తెలుగు చెప్పు మాకు వారు మార్గదర్శి. పేదరికముచే చదువాపదలచిన మా విద్యార్థులారా, ఆగినచోటనే మరల ఆరంభింపవచ్చునని వారి జీవితము చెప్పుచున్నది.